గ్లాసుడు నీళ్ళ తర్వాత వార్తలు

మావయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. చెడువార్త చెప్పాలంటే ముందు మంచినీళ్ళు తాగాలి. తాగితే గానీ నోరు పెగలదు. మంచివార్తకు ఆ బాధ లేదు, దాన్ని గేటు దగ్గర నుంచే కేకేసి చెప్పేస్తాడు. చెడ్డదైతే మాత్రం లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, గ్లాసు నింపుకుని, తొందరనేది లేకుండా తాగి, చప్పుడు కాకుండా కింద పెట్టి, మూతి తుడుచుకుని, అప్పుడు చెబుతాడు. ఈలోగా వినేవాళ్ళ పై ప్రాణాలు పైనే పోతాయేమోనన్న చింత ఆయనకు లేదని ఇంటిల్లిపాదీ ఫిర్యాదు.

దానికో కొలత కూడా ఉంది. కరెంటు పోతుందంటే ఒక గుక్క. చుట్టాలు వస్తున్నారంటే అరగ్లాసు. వచ్చినవాళ్ళు ఇప్పట్లో కదలరంటే నిండు గ్లాసు. అత్తయ్య కొత్త చీరను చాకలిషాపులో ఇస్త్రీపెట్టెతో కాల్చారన్న సంగతి చెప్పాల్సి వచ్చిన రోజున తాగుతూనే ఉన్నాడు. ఆయన చెయ్యి గ్లాసు మీదకు వెళ్ళగానే అత్తయ్య చెయ్యి పొయ్యి మీదకు వెళ్ళేది. పొయ్యి ఆర్పి, పీట లాక్కుని కూర్చుని, "ఊఁ, ఇక కానీయండి" అనేది. ఆవిడకు అలా అలవాటైపోయింది.

ఒకరింటికి వెళితే మరీ కష్టం. ఎండన పడి వచ్చారు కదా అని వాళ్ళు మంచినీళ్ళిస్తారు. మర్యాదగా ఉంటుందని ఈయన తాగుతాడు. అంతే, ఆ ఇంట్లో చీమ చిటుక్కుమనదు. ఒకసారి వియ్యపురాలు మంచినీళ్ళు అందించి, ఆయన గుటకలు వేస్తుంటే గోడకు జారగిలబడి, "ఎవరికేమైంది అన్నయ్యగారూ?" అని ఏడుపు అందుకుంది. ఊరికే చూసిపోదామని వచ్చానని నమ్మించేసరికి ఆయనకు తలప్రాణం తోకకు వచ్చింది.

ఇదంతా ఉద్యోగం అంటించిన అలవాటు. ఊరి మొత్తానికి ఒకటే టీవీ ఛానెల్ ఉన్న కాలంలో సాయంత్రం వార్తలు ఆయనే చదివేవాడు. ఒక బల్ల, ఒక కుర్చీ, కాసిని కాగితాలు, కుడిచేతి పక్కన గాజుగ్లాసు, అదే స్టూడియో. ఇప్పుడు ఆయన మేనకోడలు వార్తలు చదువుతోంది. ఉద్యోగం ఈ ఊళ్ళోనే కాబట్టి మావయ్య ఇంట్లోనే ఉంటోంది. ఆమె చదివే ఛానెల్లో బల్ల లేదు, కుర్చీ లేదు, కాగితం లేదు. నిలబడాలి, నడవాలి, చేతులు తిప్పాలి, అరవాలి.

ఆమె ఇంటికి రాగానే మావయ్య ఒంటికాలి మీద లేచేవాడు.

"నీ కుర్చీ ఎవరెత్తుకుపోయారమ్మా?"

"ఇప్పుడందరూ నిలబడే చదువుతారు మావయ్యా."

"చదివితే బాగానే ఉండును. అటూ ఇటూ పరిగెడుతున్నావు. వెనకాల గోడకి మంటలెందుకు?"

"అది గ్రాఫిక్."

"వార్తేమో ధరలు పెరిగాయని. మంటలెక్కడివి? నిన్న వానలని చెప్పి స్టూడియోలో గొడుగేసుకున్నావు. ఎల్లుండి దొంగతనమైతే గోడ దూకుతావా?"

ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. పొద్దుటి నుంచి హైహీల్స్ మీద నిలబడి వచ్చిన మనిషి మరి. "మీ కాలంలో మాత్రం ఏం వెలగబెట్టారు? మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తే దాన్ని సగం వార్తల సేపు చదివేవారు. ఎవరికి కావాలది?"

మావయ్య, "నిజమే. దానికీ నీళ్ళు తాగి ఉండాల్సింది" అనేవాడు.

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. పిల్లి గోడెక్కి దిగలేకపోతే తెర మీద ఎర్రక్షరాలు. అదే పిల్లి దిగితే మళ్ళీ ఎర్రక్షరాలు. నలుగురు పెద్దమనుషుల్ని నాలుగు గళ్ళలో కూర్చోబెట్టి, నలుగురూ ఒకేసారి అరుస్తుంటే వాళ్ళను మించి అరిచినవాళ్ళు గొప్ప యాంకర్. ఏ మాట తోస్తే ఆ మాట అనేసి చివర ఒక ప్రశ్నార్థకం తగిలిస్తే అది అబద్ధం కిందకు రాదట. ఇంత అన్యాయం పట్టపగలు జరుగుతుంటే జనం అన్నాలు తింటూ చూస్తున్నారు, దానికి ఎవరిని ఏమనాలి?

ఈ అరుపులన్నిటికీ ఆ ఛానెల్లో పెద్దదిక్కు న్యూస్ ఎడిటర్. ఆఫీసులో ఆయన్ను అందరూ సైరన్ అంటారు. యాంకర్ల చెవిలో ఉండే చిన్న యంత్రంలోంచి ఆయన గొంతు వస్తూనే ఉంటుంది. "పెంచు, ఇంకా పెంచు, దొడ్లో ఉన్నవాడు కూడా పరిగెత్తుకు రావాలి" అంటాడు. మేనకోడలికి ఆ మాట నచ్చిన రోజు లేదు, ఎదురుచెప్పిన రోజూ లేదు. ఎదురుచెప్పిన పాత యాంకర్ ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం వార్తలకు ముందు మేకప్ అక్క ఆమె మొహానికి పౌడరు అద్దుతోంది. గదిలో ఉన్న టీవీ మీద ఎర్రక్షరాలు పడ్డాయి. నది దాటించే లాంచి మునిగిందట. అవతలి ఒడ్డున మిల్లులో పనిచేసేవాళ్ళు రోజూ తిరిగి వచ్చే లాంచి అది. అక్షరాల చివర ‘జలసమాధి?’ అని ఉంది.

మేకప్ అక్క చేతిలో పౌడరు డబ్బా కింద పడింది. "మా తమ్ముడు దాన్లోనే వస్తాడు" అంది. ఫోన్ చేసింది, మోగలేదు. మళ్ళీ చేసింది, మోగలేదు.

"అక్కా, కూర్చో. ఏమీ తెలియకుండానే వేసేశారది."

"తెలుసు చెల్లీ, ఎలా వేస్తారో రోజూ చూస్తున్నాగా." అద్దంలోకి చూస్తూ నిలబడే మాట్లాడింది ఆవిడ. "మీ మావయ్య ఉంటే బాగుండును. ఆయనైతే నీళ్ళు తాగేవాడు."

"నీళ్ళా? నీళ్ళెందుకక్కా?"

"నీకు తెలీదా?" మేకప్ అక్క ఆశ్చర్యంగా చూసింది. "మా నాన్నా ఆ లాంచి మీదే పనిచేసేవాడు. వార్తల్లో మీ మావయ్య చెయ్యి గ్లాసు మీదకెళ్ళిందంటే వీధి వీధంతా లేచేది. మా అమ్మ మమ్మల్ని పెరట్లోకి తోలేసేది. పక్కింటి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఒంటరిగా ఉన్నవాళ్ళ పక్కకి ఎవరో ఒకరు చేరేదాకా ఆయన తాగుతూనే ఉండేవాడు. అప్పుడు చెప్పేవాడు. ఒక గుక్కయితే సామాను పోయినట్టు. సగమైతే దెబ్బలు తగిలినట్టు. మొత్తం తాగితే..." అక్కడితో ఆపేసింది.

మేనకోడలు కింద పడ్డ పౌడరు డబ్బా తీసి పక్కన పెట్టింది. ఇన్నాళ్ళూ ఇంట్లో తాము నవ్వుకున్న గ్లాసు అది.

ఇంతలో పిలుపొచ్చింది. వెళుతూ వెళుతూ ఆమె టీ తెచ్చే మనిషినడిగి గాజుగ్లాసులో నీళ్ళు పట్టుకెళ్ళింది. పెట్టుకోవడానికి బల్ల లేదు కాబట్టి, గొడుగు పెట్టే స్టాండు మీద పెట్టుకుంది. వెనక గోడ మీద బొమ్మ లాంచి మునుగుతోంది, లేస్తోంది, మళ్ళీ మునుగుతోంది. దానికి తోడు డప్పు మోత. కెమెరా పక్కనే మేకప్ అక్క వచ్చి నిలబడింది.

చెవిలో సైరన్ మొదలైంది. "విను. పోలీసులు ఇప్పుడే చెప్పారు, అందర్నీ ఒడ్డుకి లాగేశారట, కొందరికి దెబ్బలు, ఆసుపత్రిలో ఉన్నారు. ఆ ముక్క ప్రకటనల తర్వాత చెబుదాం. ముందు లాంచి మునిగిందని గట్టిగా అరువు. ‘మనవాళ్ళు ఎక్కడ’ అని అడుగు. ఏడుపు గొంతు పెట్టు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతికి ఉన్నారని తెలిసీ, సబ్బుల ప్రకటన అయ్యేదాకా ఊరంతా ఏడవాలన్నమాట. ఉద్యోగం పోతే పోనీ అనుకుందో, ఏమీ అనుకోలేదో, ఆమెకే తెలియదు. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. ఆమె చెయ్యి చాచి గ్లాసు అందుకుంది.

"ఏం చేస్తున్నావ్?" అంది చెవి. "ముందు మాట్లాడు. ఇప్పుడా దాహం నీకు? ఎవరన్నా ఆ గ్లాసు లాక్కోండ్రా."

ఆమె తాగుతూనే ఉంది. కెమెరామన్ వయసు మళ్ళినవాడు, మావయ్య కాలం మనిషి. ఆయన కెమెరా వదలకుండానే కాలితో ఒక స్టూలును మేకప్ అక్క వైపు తోశాడు. లైట్లు చూసే అమ్మాయి వచ్చి ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. మేకప్ అక్క కళ్ళు మాత్రం గ్లాసు మీదే ఉన్నాయి.

సగం దాకా తాగి, ఆమె గ్లాసు కింద పెట్టింది.

ఇంకా ఒక్క మాటా రాకముందే మేకప్ అక్క గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"లాంచిలో ఉన్నవాళ్ళందర్నీ ఒడ్డుకు చేర్చారు" అని మొదలుపెట్టింది మేనకోడలు, ఇంట్లో అత్తయ్యతో మాట్లాడే గొంతుతో. ఆ తర్వాతే లాంచి ఎలా ఒరిగిందీ, దెబ్బలు తగిలినవాళ్ళు ఏ ఆసుపత్రిలో ఉన్నారూ చెప్పింది. ఆసుపత్రి ఫోన్ నంబరు నెమ్మదిగా చెప్పి, రాసుకునేవాళ్ళ కోసం మళ్ళీ చెప్పింది. చెవిలో సైరన్ మూగబోయింది.

మేకప్ అక్క తమ్ముడు చేతికి కట్టుతో దొరికాడు. అన్నం డబ్బా నదిలో పోయిందని ఆసుపత్రి నుంచి తెగ గొడవ పెట్టాడట.

వార్తలయ్యాక సైరన్ వచ్చి ఆమె మీద అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నాచేత మూడు చెరువుల నీళ్ళు తాగించావు కదమ్మా" అన్నాడు. ఆమె ఉద్యోగం అప్పుడే ఊడేది. కానీ యజమాని నుంచి ఫోన్ వచ్చింది. ఆయన తల్లి వార్తలు చూసి, ఇన్నాళ్ళకి మన ఛానెల్లో ఒక మనిషి కనబడిందని కొడుకుతో అన్నదట. ఫోన్ పెట్టేసి సైరన్ మొహం మాడ్చుకుని, "సరే, తాగు. కానీ గాజుగ్లాసు వద్దు. రేపట్నుంచి మన ఛానెల్ బొమ్మ ఉన్న కప్పు పెడతారు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మావయ్య టీవీ ముందే ఉన్నాడు.

"చూశారా మావయ్యా?"

"చూశాను. గ్లాసు పెట్టినప్పుడు చప్పుడైంది."

"మీరు ఎందుకు తాగేవారో మేకప్ అక్క చెప్పింది."

"ఏం చెప్పింది? గొంతెండితే తాగేవాణ్ణి. దానికో కథా?" అని ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పోనీలే. రేపట్నుంచి నాకు కప్పు ఇస్తారట. ఛానెల్ బొమ్మ ఉన్నది."

పేపరు కింద పడింది. "కప్పా? బుద్ధుందా వాళ్ళకి? కప్పులో ఎంత తాగావో ఇళ్ళల్లో వాళ్ళకెలా కనబడుతుంది?"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. వంటింట్లోంచి అత్తయ్య తొంగిచూసింది. మేనకోడలు నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, విసురుగా లేచి, గ్లాసు నింపుకుని తాగడం మొదలుపెట్టాడు. అత్తయ్య చెయ్యి పొయ్యి మీదకు వెళ్ళింది. పొయ్యి ఆర్పి, పీట లాక్కుని కూర్చుంది. ఆయన నిండు గ్లాసూ ఖాళీ చేశాడు.

"ఏమైందో చెప్పండి" అంది అత్తయ్య బెదురుగా.

"ఏమీ కాలేదు. కోపమొస్తే మనిషికి దాహం వెయ్యదా?" అన్నాడు మావయ్య.

అత్తయ్య ఏదో గొణుక్కుంటూ మళ్ళీ పొయ్యి వెలిగించింది. మర్నాడు మేనకోడలు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు, ఆమె సంచిలో చేతిరుమాలు చుట్టిన గాజుగ్లాసు ఉంది. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు.