శుక్రవారం మధ్యాహ్నం సమీహా రేడియో

సమీహా ఆంటీ వంటింట్లో రేడియో ఒక్క క్షణం కూడా ఆగకూడదని మా ఆయన చక్రపాణి పంతం పట్టాడు. ఆవిడ అడగలేదు. అడగకుండా చేసిపెట్టే మంచితనం ఒకటుంది చూశారూ, దానితో చాలా జాగ్రత్తగా ఉండాలి. పదిహేనేళ్ళుగా దానితోనే కాపురం చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

సమీహా ఆంటీ మా కింది ఇంట్లో ఉంటుంది. అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఈ నోవైలో మా కాండోల్లో సగం మంది తెలుగువాళ్ళమే. మెట్ల మీద ఇంగువ వాసన రాని రోజు ఉండదు. ఆ వాసనల మధ్య ఆవిడ ఇంటిది ఒక్కటే ఆలివ్ నూనె వాసన. ఆవిడది పాలస్తీనా, నబ్లుస్ పక్కన ఒక పల్లె. పెళ్ళయ్యాక భర్త వెంట డెట్రాయిట్ వచ్చింది. ఆయన కార్ల ఫ్యాక్టరీలో, ఆవిడ స్కూలు వంటగదిలో బతుకంతా పనిచేశారు. ఇప్పుడు ఆయన లేడు. అరిగిపోయిన మోకాళ్ళతో ఆవిడ ఒక్కతే ఉంటోంది.

ఒక్కడే కొడుకు, ఖాలిద్. ఇక్కడే చదువుకుని, నాయనమ్మని చూసుకోవడానికని ఆ పల్లెకి వెళ్ళాడు. అక్కడే స్కూల్లో లెక్కలు చెబుతూ ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ముసలావిడ పోయాక ఒక తెల్లవారుజామున సైనికులు వచ్చి అతన్ని పట్టుకుపోయారు. నేరం ఏమిటో చెప్పలేదు. నెలలు గడిచినప్పుడల్లా ఇంకొన్ని నెలలని కాగితం మీద పొడిగిస్తూ పోతున్నారు. ఇదంతా ఆవిడ నాతో మాట్లాడిన మొదటిరోజే చెప్పింది. టీ పోస్తూ, ఎవరో దూరపు చుట్టాల సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను టీలో పంచదార సరిపోయిందన్నాను.

ఆవిడ ఇంట్లో వార్తలకి లోటు లేదు. హాల్లో టీవీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, పెద్ద అరబిక్ ఛానెల్, సౌండ్ మాత్రం ఉండదు. అరబ్బులు ఎక్కువగా ఉండే డియర్‌బోర్న్ వెళ్ళినప్పుడు కిరాణా కొట్లో ఇచ్చే అరబిక్ వారపత్రిక తెచ్చుకుంటుంది. వాళ్ళ దేశపు దినపత్రిక ఫోన్‌లో చదువుతుంది. దాని మొదటి పేజీలోనే సంతాప ప్రకటనలు ఉంటాయి. వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేసుకుని ముందు అవే చూస్తుంది. తనకి కావలసిన పేరు లేదని తేలాక మిగతా పేపరు జోలికి పోదు. వీటన్నిటికంటే ముఖ్యం రేడియో. నబ్లుస్‌లో ఒక చిన్న స్టేషన్. ఇంటర్నెట్‌లో వస్తుంది.

"టీవీలో మాలో ఎంతమంది పోయారో చెబుతారు. పేపర్లో ఎవరెవరు పోయారో ఉంటుంది. ఎవరు బతికున్నారో మాత్రం రేడియో వింటేనే తెలుస్తుంది, బింతీ" అంది ఒకసారి. బింతీ అంటే వాళ్ళ భాషలో కూతురా అని. 

మా ఇంట్లో తెలుగు న్యూస్ ఛానెళ్ళు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. చక్రపాణి అన్నం తింటూ ఒకదాని తర్వాత ఒకటి మారుస్తాడు. అందరూ ఒకేసారి అరుస్తుంటారు. మా ఊళ్ళో ఎవరు బతికున్నారో ఒక్కదానిలోనూ ఇంతవరకూ చెప్పలేదు.

ఆ స్టేషన్లో శుక్రవారం సాయంత్రం, అంటే మనకి మధ్యాహ్నం పన్నెండింటికి, ఒక ప్రోగ్రాం వస్తుంది. జైల్లో ఉన్నవాళ్ళ తల్లులు, భార్యలు ఫోన్ చేసి మాట్లాడతారు. లోపలివాళ్ళు సెల్లో చిన్న రేడియో పెట్టుకుని వింటారు. జవాబు చెప్పే దారి లేదు, వినడమే. తల్లులు పెద్ద మాటలేమీ మాట్లాడరు. మేక ఈనింది, చెల్లెలికి నిశ్చితార్థం అయింది, స్వెటర్ వేసుకో, ఇవే. ఎవరికైనా లైన్ దొరక్కపోతే, దొరికినవాళ్ళు ఆ బిడ్డ పేరు కూడా చెప్పి వాడికీ నాలుగు మాటలు చెబుతారు. అది వాళ్ళ కట్టుబాటు. అందుకని ప్రతి తల్లికీ మిగతావాళ్ళ కొడుకుల పేర్లన్నీ కంఠతా వచ్చు. ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు.

ఒకసారి సమీహా ఆంటీ అక్కడి జైలుకి వెళ్ళి, అద్దానికి ఇవతల కూర్చుని కొడుకుతో మాట్లాడింది. "పోయిన శుక్రవారం నీకు జలుబు చేసింది కదమ్మా" అన్నాడట. ఆ ఒక్క మాట మీద ఆవిడ ఎన్నో శుక్రవారాలు బతికింది.

తర్వాత యుద్ధం వచ్చింది. జైళ్ళలో ములాఖత్‌లు ఆగిపోయాయి. సెల్లుల్లో రేడియోలు తీసేసుకున్నారు. అప్పటినుంచి ఖాలిద్ ఎలా ఉన్నాడో తెలియదు. అసలు ఉన్నాడో లేడో తెలియదు. విడుదలైనవాళ్ళు అదే ప్రోగ్రాంకి ఫోన్ చేసి, లోపల ఫలానావాడిని చూశాం అని చెబుతుంటారు. ఖాలిద్‌ని చూశానని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్క మాట కోసమే. 

"లోపల రేడియోలు లేవని తెలిసి కూడా ఎందుకు ఫోన్ చేస్తారు ఆంటీ?" అని ఒకరోజు అడిగేశాను. నాకు నోరాగదు.

"నేను మానేసిన వారమే వాళ్ళకి రేడియో తిరిగి ఇస్తే?" అంది. 

 

ఇప్పుడు మా ఆయన మంచితనం సంగతికి వద్దాం. చక్రపాణి కార్ల రేడియోలు టెస్ట్ చేసే ఇంజనీరు. కారు వంతెన కిందికి పోయి సిగ్నల్ పడిపోయినా డ్రైవర్ చెవికి తెలియకూడదు. ముందే కొంత దాచిపెట్టుకుని, ఖాళీ వచ్చినచోట దాన్ని వినిపించాలి. వాళ్ళ ఆఫీసులో నిశ్శబ్దం అంటే డిఫెక్ట్. ఆంటీ ఫోన్‌లో రేడియో మాటిమాటికీ తెగిపోతోందని చూసి, ఇంట్లో పడి ఉన్న ఒక చిన్న కంప్యూటర్ బోర్డుకి స్పీకర్ తగిలించి, ఆవిడ ఫ్రిజ్ మీద పెట్టాడు. ఆ రోజునుంచీ రేడియో ఆగలేదు. ఆవిడ సంతోషపడి పళ్ళెం నిండా ఖర్జూరం బిస్కెట్లు పంపింది. అన్నీ ఆయనే తిన్నాడు.

పోయిన చలికాలం, ఒక శుక్రవారం. బయట మంచు దట్టంగా పడుతోంది. నేను వర్క్ ఫ్రమ్ హోమ్. లంచ్ టైంలో ఆవిడకి పప్పుచారు ఇద్దామని కిందికి వెళ్ళాను. ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. 

"లైన్ దొరకలేదా?"

"మోగడం కూడా లేదు" అంది. "ఫర్వాలేదు, ఎవరో ఒకరు వాడికి చెబుతారులే."

రేడియోలో ఎవరో తల్లి మాట్లాడి ముగించింది. ప్రోగ్రాం నడిపే అబ్బాయి ఏదో అన్నాడు. తర్వాత ఒక గొంతు వచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు. అరబిక్ నాకు రాదు కానీ ఆ గొంతు తెలుసు. ఆంటీ చేతిలో ఫోన్ అలాగే ఉంది. నోరు మూసుకునే ఉంది. రేడియోలో ఆంటీ మాట్లాడుతోంది.

"అది నేను" అంది.

ఆ గొంతు నెమ్మదిగా, మధ్యమధ్య దగ్గుతూ మాట్లాడుతూనే ఉంది. 

"మోకాలి ఇంజెక్షన్ సంగతి చెబుతున్నాను" అంది ఆవిడ. "అది పోయిన వారం."

వెంటనే చక్రపాణికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"ఓ, అదా! స్ట్రీమ్ డ్రాప్ అయితే పోయిన వారం అదే టైంలో రికార్డ్ చేసింది ప్లే అయ్యేలా పెట్టా. ఎంత స్మూత్‌గా మారుతుందో చూశావా? ఎవరికీ తెలీదు" అన్నాడు. గొంతులో గర్వం తొణికిసలాడుతోంది.

"ఎప్పట్నుంచి డ్రాప్ అయింది చక్రీ?"

టకటకమని కీబోర్డ్ చప్పుడు. కాసేపటికి, "మంగళవారం నుంచి" అన్నాడు. ఈసారి గర్వం లేదు. 

మంగళవారం సైనికులు ఆ స్టేషన్‌కి వెళ్ళి, సామాన్లు పట్టుకుపోయి, తలుపుకి సీలు వేశారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆవిడ విన్నవన్నీ పోయిన వారం వార్తలు. అవే దాడులు, అవే చెక్‌పోస్టులు, అవే అంత్యక్రియలు. 

"మీకు అనుమానం రాలేదా ఆంటీ?" అన్నాను.

"అక్కడ ఏ వారమైనా ఇవే వార్తలు కదా" అంది. 

నాకు చక్రపాణి మీద ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే కోటు కూడా విప్పనివ్వకుండా కిందికి లాక్కెళ్ళాను. "సారీ ఆంటీ" అన్నాడు. అంత పొడుగు మనిషి ఫ్రిజ్ ముందు పిల్లాడిలా నిలబడ్డాడు. ఆవిడ కుర్చీ చూపించింది.

"రేడియో ఆగిపోతే ఆగిపోనీ నాయనా. ఆగిపోవడం కూడా ఒక వార్తే" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆయన ఆ దాచిపెట్టే ఏర్పాటు తీసేశాడు. స్పీకర్లోంచి ఏమీ రాలేదు. ముగ్గురం ఆ ఏమీ రాకపోవడం వింటూ కూర్చున్నాం.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. ఉమ్మ్ నిదాల్, అంటే నిదాల్ వాళ్ళమ్మ. నబ్లుస్ అవతల ఇంకో పల్లెలో ఉండే తల్లి. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఇద్దరూ రేడియోలో ఒకరి కొడుకుని ఒకరు పలకరించి, చివరికి నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు. అవతలావిడ గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. సమీహా ఆంటీ అడ్డు రాకుండా విన్నది. రెండు మూడుసార్లు ఒకే మాట ఏదో అడిగింది. ఫోన్ పెట్టేసి, టేబుల్ మీద బట్ట అందుకుని, శుభ్రంగా ఉన్న చోటే తుడిచింది.

"ఏమైంది ఆంటీ?"

స్టేషన్‌కి సీలు వేసినా, ఆ ప్రోగ్రాం అబ్బాయి ఈ శుక్రవారం ఎవరింట్లోంచో ఫోన్‌లో లైవ్ నడిపాడట. ఫ్రిజ్ మీద ఆవిడ పాత గొంతు మాట్లాడుతున్న సమయంలోనే, విడుదలైన కుర్రాడొకడు అక్కడ మాట్లాడాడట. ఆ కుర్రాడు ఖాలిద్ ఉన్న సెల్లోంచే వచ్చాడట.

"ఉన్నాడట" అంది. "సగానికి సగం అయిపోయాడట. ఉన్నాడట."

చక్రపాణి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆవిడ విని ఉండాల్సింది. స్వయంగా వినాల్సింది.  నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.  ఆవిడ టీ నీళ్ళు పెట్టింది.

నీళ్ళు మరిగేలోపు, మాకు వీపు పెట్టి నిలబడే, మిగతాది చెప్పింది. లోపల రేడియో లేదు కదా. అయినా శుక్రవారం సాయంత్రం నమాజు అయ్యాక ఖాలిద్ సెల్లో అందరినీ కాసేపు మాట్లాడవద్దంటాడట. మా అమ్మ మాట్లాడే టైం అంటాడట. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట నవ్వుతారట. తర్వాత వాళ్ళూ తమ తల్లుల కోసం ఊరుకుంటారట.

తర్వాతి శుక్రవారం మేమిద్దరం కిందికి వెళ్ళాం. ఆ అబ్బాయి లైవ్ కూడా ఆగిపోయింది, అతని ఫోన్ పోయిందో అతనే పోయాడో ఉమ్మ్ నిదాల్‌కీ తెలియదు. ఫ్రిజ్ మీద బోర్డులో పచ్చదీపం వెలుగుతోంది, శబ్దం లేదు. చక్రపాణి చూపు దాని మీదికి పోయింది. చెయ్యి కూడా లేవబోయింది. నేను మోచేత్తో పొడిచాను.

పన్నెండయింది. ఆంటీ తలమీద గుడ్డ సర్దుకుని, స్టేషన్ నంబర్ నొక్కింది. మోగలేదు. ఫోన్ చెవికి ఆనించుకునే మాట్లాడటం మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఎప్పటి గొంతుతోనే. ఖాలిద్ పేరు వినిపించింది. నిదాల్ పేరు వినిపించింది. తర్వాత వరసగా ఇంకా పేర్లు, నాకు తెలియని తల్లుల కొడుకుల పేర్లు, ఒక్కొక్కరికీ ఒక మాట. ఆ తల్లులెవరికీ ఈవాళ లైన్ దొరకలేదు కదా. కిటికీ బయట మంచు తీసే బండి వచ్చి, మా పార్కింగ్ గీకి, వెళ్ళిపోయింది. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

చివరికి ఫోన్ టేబుల్ మీద బోర్లించి, గడియారం చూసింది.

"ఇక సెల్లో వాళ్ళని మాట్లాడుకోమంటాడులే" అంది.