హాలిస్ బ్రాకెన్ పుట్టించిన మనిషి

హాలిస్ బ్రాకెన్ కథలు రాసేవాడని మా ఊళ్ళో ఎవరితోనైనా అంటే నవ్వుతారు. "వాడు కంపోజిటరయ్యా, వాడికి కథలెక్కడివి?" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అతను కాగితం మీద ఒక్క ముక్క రాయడం నేనూ చూడలేదు. పేపరాఫీసులో కిటికీ పక్కన నిలబడి, ఎడమచేతిలో స్టిక్కు అనే చిన్న ఇనపచట్రం పట్టుకుని, గళ్ళ పెట్టెలోంచి సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. కథ ఆ వేళ్ళ మధ్యే పుట్టేది. పేపరు అచ్చయ్యాక ఆ అక్షరాలనే విప్పి, ఏ గడివి ఆ గడిలో పడేసేవాడు. మరునాడు వాటితోనే పందుల ధరలు పేర్చేవాడు.

మాది ఇండియానాలో కార్బెట్స్ ఫోర్డ్. మొక్కజొన్న, పందులు, రెండు చర్చిలు, ఆ రెండు చర్చిల మధ్య పగ. నేను రైలుకట్ట పక్కన ధాన్యం గిడ్డంగిలో బస్తాలు మోసేవాణ్ణి. ఊళ్ళో లైబ్రరీ లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు కూడా. అయితే పేపరాఫీసుకి చుట్టుపక్కల ఊళ్ళ పత్రికలు ఊరికే వచ్చేవి, మా పేపరు వాళ్ళకు పంపినందుకు బదులుగా. ఆ కట్టల కోసం ఖాళీ దొరికినప్పుడల్లా అక్కడ చేరేవాణ్ణి. హాలిస్ నన్ను వద్దనేవాడు కాదు. పలకరించేవాడూ కాదు. అలాంటి మనిషి గురించి తెలుసుకోవాలని నాకు ఎందుకంత ఆరాటం పుట్టిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

తెలిసింది కొంచెమే. తండ్రి సమాధిరాళ్ళు చెక్కేవాడు. అక్షరానికింత అని ధర. చచ్చినవాడి గురించి బంధువులు బోలెడు చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు, ధర విన్నాక ఒక్కో మాటా తీసేసుకుంటూ పోయేవాళ్ళు. "'ప్రియమైన' అన్నదే ముందు ఎగిరిపోయేది," అన్నాడు హాలిస్ ఒకసారి. పొట్టి వాక్యాలు అతనికి అక్కడే అబ్బాయని నా ఊహ. తర్వాత సిన్సినాటిలో, సెయింట్ లూయిస్‌లో పెద్ద పత్రికలకు పనిచేశాడు. అక్కడ అక్షరాలు పేర్చే యంత్రాలు వచ్చాయి. ఒక్కో యంత్రం నలుగురిని వీధిలోకి నెట్టింది. ఊరు వెనక ఊరు చిన్నదవుతూ, చివరికి మా ఊరొచ్చి ఆగాడు. ఇంతకంటే చిన్న ఊళ్ళో పేపరుండదు.

అంతకుముందెప్పుడో చికాగో పత్రిక ఒకదానికి కథ పంపాడట. "కథ బాగుంది, ఆఖరి పేజీ పెట్టడం మరిచిపోయినట్టున్నారు" అని తిరిగొచ్చింది. మరిచిపోలేదు. అతని కథలు అక్కడే ఆగుతాయి.

మా పేపరు వారానికొకసారి, గురువారం. లోపలి పేజీలు చికాగోలోనే అచ్చయి వచ్చేవి. బయటి పేజీలు ఇక్కడ వేసేవాళ్ళు. యజమాని మిసెస్ గేల్. భర్త పోయాక ఆవిడే వార్తలు సేకరించేది, ఆవిడే చందాలు వసూలు చేసేది. ప్రకటనలు, ఊరి కబుర్లు అన్నీ పేర్చాక పేజీలో ఎక్కడో ఒకచోట నాలుగు లైన్ల ఖాళీ మిగిలేది. ఆ ఖాళీ హాలిస్‌ది. ఏదైనా నింపెయ్ అనేది ఆవిడ. ఏం నింపాడో చదివేది కాదు.

ఒక ఏడాది శీతాకాలం మొదట్లో ఊరి కబుర్ల కింద ఇలా వచ్చింది:

"బీవర్ వాగు అవతల ఉండే మిస్టర్ వైరం పోమెరాయ్ పన్ను పీకించుకోవడానికి కౌంటీ పట్నం వెళ్ళాడు. తన మంచి కోటు వేసుకుని వెళ్ళాడు."

కొన్ని వారాల తర్వాత:

"బీవర్ వాగు అవతల మిసెస్ లెటీ పోమెరాయ్ కోళ్ళగూటికి సున్నం వేసింది. ఆయన వచ్చారా అని అడిగినవారితో కోళ్ళు గుడ్లు బాగా పెడుతున్నాయని చెప్పింది."

మంచు ముదిరాక:

"పోమెరాయ్ వారి వాకిట్లో మంచు తీసి రోడ్డుదాకా దారి చేసి ఉంది. ఆ దారిలో అడుగుల గుర్తులు లేవు."

అంతే. నాకది కథ. నాలుగు లైన్లలో ఒక కాపురం. ఊరికి మాత్రం అది వార్త. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ గాడిదల వ్యాపారి జోనస్ క్రిల్ అన్నాడు: "పన్ను పీకించుకోడానికి ఇన్నాళ్ళా? దవడంతా పీకించుకుంటున్నాడా ఏంటి?"

"మంచి కోటు వేసుకెళ్ళాడని రాశారుగా," అన్నాడు మంగలి. "పన్ను డాక్టరు దగ్గరికి మంచి కోటు ఎవడేసుకుంటాడు? నెత్తురు పడదూ?"

వాగు అవతలికి మావాళ్ళు పోరు. అటు బురదనేల, అటు వెళ్ళే పనీ ఉండదు. అందుకే లెటీ ఎవరని ఎవరూ అడగలేదు. పేపర్లో పడిందంటే ఉన్నట్టే.

అలా ఉండగా మార్చిలో మిసెస్ ఓర్ఫా డింజ్‌మన్ పేపరాఫీసుకి వచ్చింది. మెథడిస్టు చర్చి ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. ఆవిడ భర్త నెబ్రాస్కాలో నూర్పిడి యంత్రాలు అమ్ముతున్నాడని చెప్పేది. ప్రతి క్రిస్మస్‌కీ ఏదో పని అడ్డొచ్చేది ఆయనకి. దాని మీద ఆవిడ ముందు ఎవరూ ఇంకో ప్రశ్న వేసేవాళ్ళు కాదు.

"మిసెస్ గేల్, ఈ శనివారం ఆ లెటీకి పౌను సరుకు తీసుకెళ్తున్నాం. పేపర్లో వేయండి," అంది.

ఎవరింట్లో కష్టం వచ్చినా, కొత్త పాస్టరు దిగినా, ఊరంతా తలా ఒక పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ, సరుకు పట్టుకుని బండ్ల మీద వాళ్ళింటికి వెళ్ళడం మా దగ్గర ఆచారం. పంచదార, కాఫీ గింజలు, ఎండు ఆపిల్ ముక్కలు, ఏదైనా సరే.

"పందికొవ్వు నాది. ఇంకెవరూ తేవద్దని కూడా వేయండి," అంది మిసెస్ డింజ్‌మన్. "పోయినసారి ఎవరేం తెస్తున్నారో చెప్పుకోక కొత్త పాస్టరుకి అందరూ ఎండు చిక్కుడు గింజలే పట్టుకొచ్చారు. ఆ ఆదివారం ఆయన కడుపు పట్టుకుని చేసిన ప్రసంగం నాకింకా గుర్తుంది."

"అలాగేనండీ. ఇంతకీ ఇల్లెటు?"

"మీ పేపర్లోదే కదా. మీవాణ్ణి అడగండి."

హాలిస్ తల తిప్పకుండానే, "వంతెన దాటాక ఎడమవైపు," అన్నాడు.

ఆవిడ వెళ్ళాక మిసెస్ గేల్ కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. "ఎడమవైపు ఏముంది హాలిస్? పెళ్ళికాకముందు నేనటు బెర్రీలు ఏరుకునేదాన్ని. బురద తప్ప ఏం లేదు."

"అవునండీ."

"మరి లెటీ?"

"అక్కడే ఉందండీ. కాకపోతే మనిషి కాదు."

మిసెస్ గేల్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "మా ఆయన ఈ పేపరు పెట్టినప్పటినుంచి ఇందులో పడినవాళ్ళంతా ఎక్కడో ఒకచోట ఊపిరి పీలుస్తున్నవాళ్ళే. జనం నాకు చందా కట్టేది ఆ ఒక్క నమ్మకంతోనే. శనివారం బండ్లేసుకెళ్ళి బురద చూసొస్తారు. సోమవారం నుంచి నా పేపరు చేపలు చుట్టడానికి కూడా తీసుకోరు. శనివారంలోగా ఆ లెటీని పుట్టిస్తావో, చంపుతావో నాకు తెలీదు. లేదంటే నీ సంచి సర్దుకో."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. సంచి సర్దుకుంటే ఎక్కడికి పోతాడు? చేత్తో అక్షరాలు పేర్చేవాణ్ణి పెట్టుకునే ఆఫీసులు ఏటికేడు మూతబడుతున్నాయి. దానికంటే పెద్ద సంగతి నాలుగు లైన్ల ఖాళీ. అది ఇంకెవరిస్తారు?

నాకు ఆగలేదు. "దీనికేముంది, లెటీ ఇల్లమ్మేసి ఒహాయోలో అక్క దగ్గరికి వెళ్ళిపోయిందని వేసెయ్. రెండు లైన్లు. నీ ఉద్యోగం నీకుంటుంది," అన్నాను.

"వెళ్ళదు."

"ఎవరు?"

"లెటీ. ఆయన వచ్చేసరికి ఇంటికి తాళం ఉండకూడదనే కదా కూర్చుంది."

"లేని మనిషికి మొండితనమేంటయ్యా?"

"ఉన్నవాళ్ళని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. మొన్న ఆదివారం కూడా పనికి రమ్మంటే నువ్వు వెళ్ళలేదూ, లోపల తిట్టుకుంటూ? లెటీ అలాంటిది కాదు."

నాకు కోపం వచ్చింది. "అయితే చంపెయ్."

"ఏ జబ్బుతో? ఒంట్లో బాగానే ఉంది," అన్నాడు హాలిస్, చాలా మామూలుగా.

ఇన్నాళ్ళూ అబద్ధాలు అచ్చువేసినవాడు ఇంకో అబద్ధానికి ఎందుకు వెనకాడుతున్నాడో నాకు అంతుబట్టలేదు. ఆ మధ్యాహ్నం అతను స్టిక్కు చేతిలోకి తీసుకుని పేర్చాడు. తిరగేసి ఉన్న అక్షరాలు చదవడం నాకు అప్పటికి వచ్చు. పక్కన నిలబడి చదివాను:

"బీవర్ వాగు అవతల లెటీ పోమెరాయ్ అనే మనిషి లేదు. ఆమెకు భర్త లేడు, కోళ్ళు లేవు. నేను కల్పించాను. ఎవరూ సరుకు తీసుకువెళ్ళవద్దు. హాలిస్ బ్రాకెన్, కంపోజిటర్."

తన పేరు అచ్చు కావడం అదే మొదలు. సొంత స్టిక్కును ఆప్రానులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆఫీసు స్టిక్కుతో పనిచేశాడు.

మావాళ్ళ సంగతి తెలిసినవాణ్ణే అయినా, తర్వాత జరిగింది నేను ఊహించలేదు. పౌను సరుకు వస్తోందని తెలిస్తే ఆ ఇంటివాళ్ళు ముందు వద్దనాలి. మాకేం కొదవలేదు, ఎందుకండీ ఇదంతా, అనాలి. అనకపోతే మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క. పేపర్లో పడిన ఆ ముక్కను ఊరంతా అలాగే చదువుకుంది.

"పాపం, ఎంత అభిమానమో," అంది కొట్టు దగ్గర మంగలి భార్య. "ధర్మం తీసుకోవడం ఇష్టంలేక, అసలు నేనే లేనని వేయించుకుంది."

"పాపం, హాలిస్ తన నెత్తినేసుకున్నాడు. మంచోడే," అన్నాడు జోనస్ క్రిల్. "కానీ కోళ్ళు కూడా లేవన్నాడు చూశావా, అక్కడ దొరికిపోయాడు. అంత గట్టిగా లేవన్నాడంటే దండిగా ఉన్నట్టే."

వెళదామా వద్దా అని ఊగిసలాడినవాళ్ళు కూడా దాంతో బయల్దేరారు. గిడ్డంగి బండి నేనే తోలాను. మిసెస్ డింజ్‌మన్ నా పక్కన కూర్చుంది, ఒళ్ళో పందికొవ్వు డబ్బా. వెనక సరుకుల మధ్య మిసెస్ గేల్. ఆవిడ పక్కన హాలిస్. "నువ్వూ రా. చేసిందేదో కళ్ళారా చూడు," అని ఆవిడే ఎక్కించింది.

వంతెన దాటి ఎడమవైపు తిరిగాం. మిసెస్ గేల్ పెళ్ళయ్యాక ఎవరో అక్కడ ఇల్లు కట్టి, ఆ నేల ఏదీ పండనివ్వక ఓక్లహోమా వైపు వెళ్ళిపోయినట్టున్నారు. తలుపొక బందు మీద వేలాడుతోంది. వసారా చెక్కల్లోంచి గడ్డి మొలిచింది. బండ్లు ఆగాయి. హాలిస్ ఆ ఇంటిని తేరిపార చూస్తున్నాడు, తన లైనులో తను పేర్చని అక్షరం కనిపించినవాడిలా.

"వెళ్ళిపోయింది," అంది ఎవరో. "ఆలస్యం చేశాం."

"ఇది ఏళ్ళనాటి పాడిల్లు," అన్నాను నేను.

"నీకేం తెలుసయ్యా?" అంది మిసెస్ డింజ్‌మన్. "ఆడది ఒక్కతే ఉంటే ఇల్లు తొందరగానే పాడవుతుంది."

దిగి, గడ్డిలో నడిచి, డబ్బా వసారా మీద పెట్టింది. తక్కినవాళ్ళూ పెట్టారు. పౌను సరుకు తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. అదీ ఆచారమే. తర్వాత దాన్ని రైళ్ళ మీద తిరిగే దేశదిమ్మరులు తిని ఉంటారు, ఆ వారం వాళ్ళకి పండగే. మిసెస్ డింజ్‌మన్ మాత్రం బండి దగ్గరికొచ్చి ఎక్కకుండా హాలిస్ ఎదురుగా నిలబడింది. గొంతు తగ్గించింది, కానీ నేను పక్కనే ఉన్నాను.

"మంచి కోటు సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"నిజం చెప్పు."

"వెళ్ళిపోయేవాడు అదే వేసుకుంటాడనిపించింది."

"ఏ రంగుది?"

"నల్లదనుకున్నానండీ. రాయలేదు."

"గోధుమరంగు," అంది మిసెస్ డింజ్‌మన్. చక్రం మీద కాలుపెట్టి, నా చేయి అందుకోకుండా బండెక్కి కూర్చుంది.

సోమవారం హాలిస్ సంచి పట్టుకునే ఆఫీసుకి వచ్చాడు. మిసెస్ గేల్ ఆ సంచివైపు చూసి, "అది కింద పెట్టు," అంది. "నిన్ను తీసేస్తే ఎందుకు తీశానో చెప్పాలి. చెబితే ఒక్కరూ నమ్మరు. పైగా లెటీకి సాయం చేసినందుకు తీశానని ఆడవాళ్ళంతా నా మీద పడతారు. ఉండు. ఆ నాలుగు లైన్లూ నీవే. ఒకటే షరతు. నీ పేరు మళ్ళీ వేయకు. ఇన్నాళ్ళలో నీ పేరుతో వేసింది ఒక్కటే, ఈ ఊరు నమ్మనిదీ అదొక్కటే."

హాలిస్ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అతను అక్కడే ఉన్నాడు. వాగు అవతల ఇంకొందరు పుట్టారు. పాస్టరు కూతురు, చెవిటి కమ్మరి, తూము దగ్గర కూర్చునే ముసలాయన. వాళ్ళెవరికీ సరుకు వెళ్ళలేదు, వాళ్ళు పేదవాళ్ళు కాకుండా జాగ్రత్తపడ్డాడు. పుస్తకం రాలేదు. ఎవరూ అడగలేదు. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా అలమర అరల్లో పరిచిన పాత పేపరు కనిపిస్తే నేను గిన్నెలు పక్కకు జరిపి చదువుతాను. ఇంటివాళ్ళకి చిరాకు.

కానీ నాకు బాగా గుర్తున్నది మాత్రం లెటీకి సరుకు వెళ్ళిన తర్వాతి గురువారం నాటి ఖాళీ. ఈసారి రెండు లైన్లే:

"దిద్దుబాటు: వైరం పోమెరాయ్ వేసుకుని వెళ్ళిన మంచి కోటు గోధుమరంగుది. ముందే తెలియనందుకు విచారిస్తున్నాము."

మరునాడు మిసెస్ డింజ్‌మన్ ఆఫీసుకి వచ్చింది. చందా ప్రకారం ఆవిడ ఇంటికి పేపరు అప్పటికే వెళ్ళింది. అయినా ఇంకొకటి కొంది. బల్ల దగ్గరే నిలబడి, ఆ రెండు లైన్లు పైకి కనబడేలా దాన్ని మడత మీద మడత పెట్టి, చేతిసంచిలో పెట్టుకుంది. కిటికీ దగ్గర హాలిస్ కళ్ళెత్తలేదు. అప్పటికే ఆ లైన్ల అక్షరాలు విప్పి, ఏ గడివి ఆ గడిలో పడేస్తున్నాడు.