చెవి ఎత్తులో కడుపు

కుర్చీలో కూర్చున్న మనిషి చెవికీ, పక్కన నిలబడి కత్తెర ఆడించే మనిషి కడుపుకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ముప్పై ఏళ్లు సెలూన్ నడిపిన తాతకు ఆపరేషన్ అయ్యేదాకా ఈ సంగతి తట్టనే లేదు.

పెద్దపేగుకు జబ్బు చేస్తే డాక్టర్లు చెడిన ముక్క తీసేసి, పొట్టకు ఎడమపక్కన చిన్న ద్వారం పెట్టి, దాని మీద సంచి అతికించారు. ఇక మలం వచ్చేది అందులోకే. జబ్బు పోయింది, సంచి ఉండిపోయింది. ఆ ద్వారం అప్పుడప్పుడు గుర్రుమంటుంది, అదీ చెప్పాపెట్టకుండా.

మూడు నెలలైనా తాత షాపు తాళం తియ్యలేదు. నొప్పి లేదు, ఆకలికి లోటు లేదు, అమ్మమ్మను సాధించడంలో అయితే మునుపటికన్నా ఆరోగ్యంగా ఉన్నాడు. సంచి మార్చే రోజున మాత్రం హుషారు. ద్వారం కొలతకు సరిగ్గా, సంచిని పొట్టకు అంటించే అట్టలో గుండ్రంగా కన్నం కత్తిరించాలి. నేర్పడానికి వచ్చిన నర్సు కత్తిరించింది చూసి, "అమ్మాయ్, ఇది కోడిగుడ్డులా ఉంది" అని, తన కత్తెర తెప్పించుకుని ఒక్క తిప్పులో చక్రంలా కోసిచ్చాడు. ఇంత పనితనం ఉండి ఇంట్లో ఎందుకు కూర్చున్నారని ఆవిడ అడిగింది. నడవండి, మెట్లెక్కండి, పనిలోకి వెళ్లండి, సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేసుకోండి అంది. తాత బుద్ధిగా తలాడించాడు. ఆవిడ అటు వెళ్లగానే ఇటు దుప్పటి ముసుగేశాడు.

ముసుగు లాగింది అమ్మమ్మ. పోస్టుమాస్టరు మూడు నెలలుగా ఇంకెవరికీ తల అప్పగించలేదనీ, ఆయన చెవులు కనపడటం మానేశాయనీ చెప్పి, తాళంచెవి చేతిలో పెట్టింది.

షాపులో తాత మొదట చేసిన పని రేడియో మోత పెంచడం. పోస్టుమాస్టరు జుట్టు తీస్తున్నంతసేపూ పొట్టను అవతలికి తిప్పుకుని కొక్కెంలా నిలబడ్డాడు. గడ్డానికి నురగ పూసి ఒక చెంప గీసేసరికి సంచి బరువెక్కింది. సగం గడ్డంతో మనిషిని వదిలెళ్లడం అతను ఎరగని పని. ఓర్చుకుందామంటే ధ్యాసంతా సంచి మీదే ఉంది. పరధ్యానంలో గొంతు మీద కత్తి ఎలా పెడతాడు? ఇంతలో పోస్టుమాస్టరు, చెవులు పగులుతున్నాయంటూ రేడియో కట్టేయించాడు. ఆ నిశ్శబ్దంలో కడుపు గుర్రుమంది.

"ఏంటది?"

తాత కత్తి మడిచాడు. "నా కడుపేనండి. సంచి పెట్టారు, నిండింది. ఐదు నిమిషాలు వెనక గదిలోకి పోయి రావాలి."

"నన్నిలా సగంలో వదిలేసా?"

"అవునండి."

"వెళ్లిరావయ్యా. ఈ మొహంతో నేనెక్కడికి పోతాను?"

తాత పని ముగించుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చేసరికి నురగ ఎండి చారలు కట్టింది. నొప్పిగా ఉంటుందా అని అడిగాడు పోస్టుమాస్టరు. ఉండదన్నాడు తాత. వాసనో అంటే, మీకేమైనా వచ్చిందా అని ఎదురడిగాడు. సబ్బు వాసన తప్ప ఏమీ లేదన్నాడాయన.

తాత మళ్లీ నురగ పూశాడు. ఈసారి నిటారుగా, ఆయన చెవి పక్కనే నిలబడ్డాడు. రెండో చెంప నున్నగా తేలింది. అంతలో వీధిలో పాలు పోసే అబ్బాయి తండ్రి లోపలికి తొంగిచూసి, షాపు తీశారా అన్నాడు. తీశాను కూర్చోమన్నాడు తాత. మధ్యలో ఒకసారి వెనక గదిలోకి వెళ్లాల్సి రావచ్చని కూడా ముందే చెప్పేశాడు.