శ్వాన్ గురువుగారి చేతులు

తొలికోత టీ వేయించడం చూద్దామని జిల్లా అధికారులు వచ్చిన రోజున, శ్వాన్ గురువుగారి కట్టుడు పళ్ళు మా ఇంటి ఇనుప మూకుడులో పడ్డాయి. ఆయన వాటిని ఆకుతో పాటు ఓ పదిహేను సార్లు తిరగేసి, ఒత్తి, చక్కగా వేయించారు. "మూకుట్లో ఏముందో నా వేళ్ళకి తెలుస్తుంది" అని అంతకు ముందే అధికారులతో అని ఉన్నారు. రుచి చూడబోయినాయన పళ్ళను చూసి చెంచా కింద పెట్టాడు. గురువుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

ఆయనది డెబ్బై నాలుగేళ్ళ వయసు. యాభై ఏళ్ళుగా వట్టి చేతులతో ఆకు వేయిస్తున్నారు. పెరట్లో కుళాయి ఉన్నా వాగు నుంచి కుండతో నీళ్ళు మోస్తారు. "జిత్తులమారి పనిముట్టు పట్టుకుంటే బుద్ధి కూడా జిత్తులమారిదవుతుందే, రుయీ. అలాంటి బుద్ధిలో తావో, అదే ఆ ధర్మమార్గం, నిలవదు. మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు" అనేవారు నాతో.

ఇరవై రెండేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. మూడేళ్ళ కిందట నేనొక ఆకు వేయించే యంత్రం కొన్నాను. పదకొండు రోజులు ఆయన మా ఇంట టీ ముట్టలేదు. రోజూ వచ్చి, గుమ్మంలో నిలబడి, వేడినీళ్ళు మాత్రం అడిగి తాగి పోయేవారు. పన్నెండో రోజున సిగ్గేసి, యంత్రాన్ని పక్క వీధిలో ఆకు వేయించే ఫాన్ అనే ఆవిడకి ఇచ్చేశాను. ఇప్పుడు నా ఖాతాదార్లంతా ఆవిడ గుమ్మంలోనే ఉంటారు. ఈ ఏడు కూడా తొలి ఆకు అమ్ముడుపోకపోతే, పొయ్యి ఆర్పేసి బస్తీలో గిన్నెలు కడుక్కోవాలి.

ఆ సాయంత్రం పళ్ళు గుడ్డలో చుట్టుకుని, ఎవరి కంటా పడకుండా పెరటి దారిన ఆయన ఇంటికి వెళ్ళాను. వెనక కొట్టులోంచి గురగురమని చప్పుడు. తలుపు తోశాను.

నేను వదులుకున్న దానికంటే పెద్ద యంత్రం. చప్పుడు బయటికి పోకుండా పైన పూల బొంత కప్పి ఉంది. పక్కన పీట మీద గురువుగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఎన్నాళ్ళయింది?"

"ఏడేళ్ళు" అన్నారు, నా చేతిలో గుడ్డలోంచి పళ్ళు తీసి నోట్లో పెట్టుకుంటూ. ఒక పక్క వంకరపోయాయవి.

"నా చేత యంత్రం వదిలించారు. నా బేరమంతా ఫాన్ పాలు చేశారు. మీ మాట విని చేతులు కాల్చుకుంటూ కూర్చున్నానే! ఇంత మోసమా, గురువుగారూ?"

ఆయన బొంత కాస్త తొలగించి, కాలుతున్న ఇనుప పీపా మీద అరచెయ్యి ఆనించారు, పిల్లి వీపు మీద వేసినట్టు. తీయలేదు.

"నా వేళ్ళు చచ్చాయి గనక నాకిది కావలసొచ్చింది, నీవి ఇంకా కాలుతున్నాయి కదే, నీకెందుకూ?"