తెర మీది ఆపరేషన్

అమీర్‌పేట మీదుగా మెట్రో కొత్తగా తిరగడం మొదలైన ఏడాది నేను పంజాగుట్ట దగ్గర ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రిలో న్యూరోసర్జరీ అసోసియేట్ ప్రొఫెసర్‌గా చేరాను. హోదాల తేడా చెప్పాలంటే, అసోసియేట్ ఆపరేషన్ చేస్తాడు. విభాగాధిపతి దాని గురించి సదస్సుల్లో మాట్లాడతాడు. మా హెడ్ గారు గొప్ప వక్త.

ఆ ఏడాది సదస్సు మా దగ్గరే పెట్టారు. ఒక ఆపరేషన్‌ను ఆడిటోరియంలో తెర మీద ప్రత్యక్షంగా చూపించాలని హెడ్ గారు నిర్ణయించారు. అందుకు నరేందర్ దొరికాడు. అమీర్‌పేట కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో జావా చెప్పే మాస్టారు. మెదడులో ఎడమవైపు, మాటను నడిపించే భాగాన్ని ఆనుకుని గడ్డ ఉంది. ఇలాంటివి రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ తీస్తాం. మెదడుకు నొప్పి తెలియదు. పైచర్మానికి మత్తిస్తే చాలు. మాట తడబడితే మేం ఆగాలి.

ముందురోజు నరేందర్ నన్ను ఒక్కటే అడిగాడు.

"సార్, గడ్డ జర మిగిలినా ఫికర్ లేదు. మాట పోతే మాత్రం నేనేం జేసి బతకాలె?"

ఈ సంగతి హెడ్ గారికి చెప్పాను. "రోగులు అలాగే అంటారండీ. గడ్డ మొత్తం తీసిన స్కానే అతిథులకు చూపించాలి," అన్నారు. అతిథుల ఆరోగ్యం గురించి ఆయనకు ఎప్పుడూ బెంగే.

మర్నాడు నేను గడ్డ తీస్తుండగా, మత్తు డాక్టరు సుజాత గారు బొమ్మలు చూపిస్తుంటే నరేందర్ పేర్లు చెబుతూ వచ్చాడు. మధ్యలో ఆవిడకు జావా పాఠం కూడా మొదలుపెట్టాడు. ఆడిటోరియంలో నవ్వులు స్పీకర్లో వినిపించాయి. గడ్డ చాలావరకు వచ్చేసింది. అప్పుడు ఆవిడ తాళంచెవి బొమ్మ చూపించారు.

"గిది... తెలుసు మేడం. గిది..."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆడిటోరియంలో మైకు పట్టుకున్న హెడ్ గారి గొంతు స్పీకర్లో వినిపించింది. "ఆగారేంటండీ? ఇంకా కాస్తేగా. అందరూ చూస్తున్నారు."

"మాట పోతోంది సార్. ఇక్కడితో ఆపుతున్నాను."

సుజాత గారు మళ్లీ అదే బొమ్మ చూపించారు. చాలాసేపటికి నరేందర్ మెల్లగా, "తాళంచెవి," అన్నాడు. తర్వాత, "గింత చిన్న మాట యాదికి రాలే మేడం," అని నొచ్చుకున్నాడు.

అక్కడ ఆడిటోరియంలో హెడ్ గారు, ఎక్కడ ఆగాలో తెలియడమే మా విభాగం సంప్రదాయమని వివరించారట. చప్పట్లు బాగానే పడ్డాయట. తర్వాత జర్నల్లో వచ్చిన వ్యాసంలో ఆయన పేరు మొదట ఉంది. నా పేరు చివర కృతజ్ఞతల్లో, అచ్చుతప్పుతో ఉంది.

మిగిలిన ముక్కకు రేడియేషన్ ఇప్పించాం. అది మళ్లీ పెరగొచ్చని నరేందర్‌కు తెలుసు. కొన్ని నెలలకు మళ్లీ క్లాసుకు వెళ్లాడు, ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాడు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇదే: ఎక్కడ ఆపాలో రోగి మాట విని తేల్చుకోవాలి, మైకు విని కాదు. ఆపిన ఘనత ఎవరికి చెందుతుందన్నది వేరే శాస్త్రం. అందులో నేను రిటైరయ్యేదాకా విద్యార్థినే.