ముడి మీద రంగు గీత

మా తీరంలో గంగమ్మ పండక్కి తెప్పల పందెం పెడతారు. భావనపాడు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటున్న నన్ను పండగ కమిటీవాళ్లు ఆ పందేనికి రూల్సు రాయమన్నారు. సముద్రంలో మోకాలి లోతు దాటి దిగని మనిషిని. అయినా ఒప్పుకున్నాను. మూడు తరాల పంతుళ్ల ఇంట్లో పుట్టినవాడికి తెల్ల కాగితం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

అంతకు ముందేడు పెద్ద గొడవైంది. కొలతలయ్యాక ఒకడు దుంగలు కట్టిన తాళ్ల ముడులు విప్పి, తేలిగ్గా తేలేలా సందుల్లో థర్మాకోల్ ఇరికించి గెలిచాడు. ఈసారి అలా కుదరకూడదని పట్టుబట్టి రాశాను. చెక్క దుంగల తెప్పలకే పందెం, ఫైబరువి పనికిరావు. పొడవుకి ఇంతని హద్దు. ఒక్క తెరచాప, ఇద్దరే మనుషులు. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. ఆఖరిది మాత్రం నా సొంత తెలివి. ముందురోజు కొలిచి, ప్రతి ముడి మీదా ఆకుపచ్చ రంగుతో గీత గీస్తాం, పందెం అయ్యేలోగా ముడి విప్పితే ఆ తెప్ప పందెంలో లేనట్టే.

మా ఎదురింటి తాత ఇంకా తెప్ప మీదే వేటకెళ్తాడు. ఆ చేతుల మీదే ఇల్లు గడుస్తోంది. కొలతల రోజు వేట నుంచి తిన్నగా వచ్చి, తన తెప్పకి గీత గీస్తున్న నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మేస్టారూ, తెప్పని ఒడ్డుకి రాగానే ఇప్పేసి, మళ్లా పొద్దున్న కట్టుకుంటాం. తడి మీదున్న కట్టు ఎండిందంటే వదులైపోతాది" అన్నాడు.

రూలు అందరికీ ఒకటే అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. నిజానికి నేను సాలూరులో లారీల మధ్య పెరిగినవాణ్ని. లోడు కట్టిన తాడుని డ్రైవర్లు దారిలో ఆగిన చోటల్లా చేత్తో లాగి చూసుకోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ రోజు అదేమీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఒప్పుకునేవాణ్ని కాదేమో, రాసింది నేను కదా.

మర్నాడు పందెంలో అలలు దాటుతుండగానే తాత తెప్ప దుంగలు ఒకదాన్నొకటి వదిలేశాయి. జారుతున్న ముడిని పట్టుకోబోయాడు. దుంగలు మళ్లీ కలిసినప్పుడు ఆయన కుడిచెయ్యి మధ్యలో ఉంది. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

కమిటీవాళ్లు మాత్రం తెగ మెచ్చుకున్నారు, ఈ ఏడు ఒక్క తగువూ లేదని. మిగతా తెప్పలకేం కాలేదెందుకని అడిగితే ఒకతను నవ్వాడు. తెల్లారగట్టే అందరూ విప్పి కట్టుకుని, ముడి మీద మళ్లీ గీత పెట్టుకున్నారట. పడవలకి వేసే ఆకుపచ్చ రంగు ఏ ఇంట్లో లేదు గనక.

తాత ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక సాయంత్రం ఆయన ఇంటికెళ్లాను. ఎడంచేత్తో వల బాగుచేసుకుంటున్నాడు, దారం ఒక కొస పళ్లతో పట్టుకుని. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండును. కుర్చీ వేయించి టీ పెట్టమన్నాడు. అందరూ విప్పి కట్టుకున్న సంగతి తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. తన పక్క తెప్పవాడు రంగు డబ్బా కూడా ఇవ్వబోయాడట.

"మరి నువ్వెందుకు విప్పలేదు తాతా?"

ఆయన పళ్ల మధ్య నుంచి దారం తీసి నా వైపు చూశాడు. ముఖంలో కోపం లేదు. ఇంత చిన్న సంగతి పంతులికి తెలీదా అన్నట్టుంది.

"ఇప్పకూడదని మీరే గదా రాసినారు మేస్టారూ."