అడుగున ఉన్నది అడుగునే

ఆ రోజుల్లో పెన్నలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువగా కనబడేది. అలాంటి జమ్మలమడుగులో నీళ్ళలో మునగడం నేర్పే ఉద్యోగం నాకు దొరికిందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. విశాఖలో ఆ విద్య నేర్చుకుని వచ్చాను. వరదల్లో మనుషుల్ని కాపాడటానికి పదిమందిని తయారు చెయ్యమన్నారు ఆఫీసువాళ్ళు. మాది ఫ్యాక్షన్ సీమ కాబట్టి ఆ పదిమందినీ రెండు పార్టీలూ చెరి అయిదుగురుగా పంచుకున్నాయి. ఒక జట్టుకు పెద్దగా పులివెందుల వైపు మీసాల మామ, రెండో జట్టుకు ప్రొద్దుటూరు కళ్ళద్దాలాయన. ఇద్దరూ చెరో జీపులో వచ్చి, మేం మునిగే పెన్న మడుగుకు చెరో గట్టున కూర్చునేవారు. (మా అమ్మ మాత్రం, "మునిగేదానికి గూడా చదువేందిరా, వీపుకు ఆ గ్యాసుబండ యాల?" అనేది.)

నాకు ఇరవై మూడేళ్ళు, నీళ్ళమీద పిచ్చి ప్రేమ. అందుకని మొదటిరోజే పర్యావరణం పాఠం పెట్టాను. "నీళ్ళ అడుగున దేన్నీ ముట్టుకోకూడదు. ఎక్కడిది అక్కడే ఉండాలి. రాయి కదిలితే దాని కింద కాపురమున్న చేప వీధిన పడుతుంది" అన్నాను. రెండు గట్లూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టాయి. "శానా బాగా చెప్పినావప్పా!" అన్నాడు మీసాల మామ. నా ఉపన్యాసం రెండు పార్టీల్నీ కలిపేసిందని పొంగిపోయాను.

ఆ పొంగులోనే మూడోరోజు, "ఈరోజు అడుగున మనుషులు పారేసిన చెత్తంతా పైకి తెద్దాం" అని ప్రకటించాను. ఎవరూ కదల్లేదు. కళ్ళద్దాలాయన గట్టు దిగి వచ్చి, "యాలప్పా, చేపలు బెదరవా?" అన్నాడు. ఎన్నడూ ఆయనతో మాట్లాడని మీసాల మామ అటునుంచి, "ఆయప్ప చెప్పేది నిజమే" అన్నాడు. వీళ్ళకు బద్ధకమనుకుని, దారి చూపిద్దామని గోనెసంచి పట్టుకుని నేనే మునిగాను. పైకొచ్చి సంచి గుమ్మరిస్తే ఒక తెగిన చెప్పు, రెండు సీసాలు, వాటి వెనకాల తుప్పుపట్టిన వేటకొడవలి ఒకటి ఖంగుమంటూ రాతిమీద పడ్డాయి.

పన్నెండుమందీ దాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. అప్పుడు అర్థమైంది నాకు, మొదటిరోజు చప్పట్లు దేనికో.

"అది చేపల ఇల్లు సార్," అన్నాడు మీసాల మామ, శానా మర్యాదగా. "కదిలించగూడదని నువ్వే చెప్పినావు గదా. యాడ తీసినావో ఆడనే పెట్టిరాపో."

"నిదానంగా పెట్టు," అన్నాడు కళ్ళద్దాలాయన.

రెండు చేతులా కొడవలి పట్టుకుని మళ్ళీ మునిగాను. (శిక్షణ పొందినవారిలో పర్యావరణ స్పృహ మెండుగా ఉందని తర్వాత రిపోర్టు కూడా రాశాను.) కొడవలిని బురదలో పెట్టేశాక పైకి రావాలనిపించలేదు. అక్కడే మోకాళ్ళమీద కూర్చున్నాను. చిన్న చేపలు నా మొహానికున్న మునక అద్దం దాకా వచ్చి, చూసి పోయాయి. నువ్వు ఎవరి పార్టీ అని ఒక్కటీ అడగలేదు. సిలిండరులో గాలి అడుగంటేదాకా అలాగే ఉండిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇంకాసేపు ఉండనిస్తే బాగుండేదని కూడా అనిపిస్తుంది.